ఇనప డబ్బానా, మట్టి మిద్దెనా?

ఈమధ్య వికారాబాద్ జిల్లా వైపు నుంచి, ముఖ్యంగా కుల్కచర్ల, పరిగి చుట్టుపక్కల చదువుకున్న కుర్రాళ్ళ దగ్గర్నుంచి, ఒక ప్రశ్న పదే పదే వినిపిస్తోంది. "ఎండతో, వానతో పని లేకుండా నాలుగు గోడల మధ్య పంట తీద్దామనుకుంటున్నాం. పాత షిప్పింగ్ కంటైనర్ ఒకటి కొని తెచ్చుకోవాలా, ఇంటి పక్కన ఖాళీగా పడి ఉన్న గదినే బాగుచేసుకోవాలా?"

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. హైదరాబాద్ పొలిమేరల్లో ఎటు చూసినా ఈ కంటైనర్లే. ఒకటి సైటు ఆఫీసు, ఇంకోటి టీ కొట్టు, మరొకటి కాపలాదారు ఇల్లు. సనత్‌నగర్‌లో కంటైనర్ కార్పొరేషన్ వారి డిపో పక్కగా వెళ్తే రంగురంగుల డబ్బాలు మిద్దె మీద మిద్దెగా పేర్చి కనిపిస్తాయి. ఫోను తెరిస్తే అమెరికాలో ఎవరో అలాంటి డబ్బాలో, ఊదారంగు దీపాల కింద, మడికట్టు పెట్టినట్టు వరసగా ఆకుకూరలు పెంచుతుంటాడు. మనకూ చేయాలనిపిస్తుంది. తప్పేం లేదు. అయితే డబ్బా గురించి అడిగేముందు లోపల ఏం పండిస్తారో చెప్పండి అని నేను తిరిగి అడుగుతాను. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇల్లు కట్టాక పెళ్ళికూతుర్ని వెతికినట్టు, డబ్బా దిగాక పంటను వెతుకుదామని వాళ్ళ లెక్క.

ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం. 1956 ఏప్రిల్‌లో మాల్కమ్ మెక్లీన్ అనే అమెరికన్ లారీల వ్యాపారి 58 పెట్టెలను ఐడియల్-ఎక్స్ అనే ఓడ మీదికెక్కించి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఈనాటి కంటైనర్ కథ అక్కడ మొదలైంది. దాన్ని తయారుచేసింది సరుకు కోసం. బట్టలూ, యంత్రాలూ, టైర్లూ ఊపిరి పీల్చవు, చెమట పట్టవు, వేడికి వాడిపోవు. డబ్బా మాత్రం ఉప్పుగాలినీ, అలల కుదుపునూ తట్టుకోవాలి, దొంగ చేతికి చిక్కకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చినా కుంగకూడదు. ఈ పనులన్నిటికీ అది భేషైన పెట్టె. గోడ మందం మాత్రం రెండు మిల్లీమీటర్లకు మించదు.

ఇరవై అడుగుల కంటైనర్ లోపలి కొలత పొడవు 19 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, ఎత్తు 7 అడుగుల 10 అంగుళాలు. అంటే సుమారు 148 చదరపు అడుగులు. ఖాళీ బరువు రెండు టన్నుల పైచిలుకు. మన ఊళ్ళో 12 అడుగులకు 12 అడుగుల గది 144 చదరపు అడుగులు. చోటు విషయంలో రెండూ కవలలే అన్నమాట. కాకపోతే డబ్బా రైలుపెట్టెలా ఇరుకు. గోడలకు రెండు అంగుళాల చొప్పున ఇన్సులేషన్ వేయించి, రెండు పక్కలా రెండేసి అడుగుల ర్యాకులు పెడితే, నడవడానికి మూడడుగుల చిల్లర మిగులుతుంది. మనిషి బుట్ట పట్టుకుని నడుస్తుంటే ఎదురొచ్చేవాడు వెనక్కి తగ్గాల్సిందే.

సరే, ఇక పంట. ముందు ఆకుకూరల లెక్క తేల్చేద్దాం. లెట్యూస్ లాంటి ఆకుకూర దీపాల కింద సరిగా పెరగాలంటే, మంచి ఎల్.ఈ.డి. దీపాలు వాడినా, చదరపు మీటరుకు సుమారు 80 వాట్లు, రోజుకు 16 గంటలు వెలగాలి. అంటే చదరపు మీటరుకు రోజుకు ఒకటింపావు యూనిట్. ఇరవై అడుగుల డబ్బాలో అరల మీద అరలు పెట్టి 20 చదరపు మీటర్ల మళ్ళు సాధించామనుకోండి, దీపాలకే రోజుకు 25 యూనిట్లు. దీపం తాగిన కరెంటు అంతా చివరికి లోపల వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి తోడడానికి ఏసీ. ఫ్యాన్లు, నీళ్ళ మోటారు కూడా కలిపితే రోజుకు 35 యూనిట్లు, నెలకు వెయ్యి యూనిట్ల పైన. చేతికి వచ్చేది, అంతా సవ్యంగా జరిగితే, నెలకు అరవై కిలోలు. కిలో ఆకుకు పదిహేడు యూనిట్లు! యూనిట్‌కు ఏ ఏడు రూపాయలో వేసుకున్నా కిలోకు నూట ఇరవై రూపాయలు కరెంటుకే పోతాయి. విత్తనం, ఎరువు, కూలి, అప్పు మీద వడ్డీ ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు.

కుల్కచర్లలో పాలకూర కట్ట ఎంతకు దొరుకుతుందో నేను చెప్పనక్కర్లేదు. బోరు మోటారుకు ప్రభుత్వమిచ్చే ఉచిత కరెంటు ఈ డబ్బాకు వస్తుందని ఆశ పెట్టుకోకండి. అది పంపుసెట్లకు. దీపాలకూ ఏసీకీ వేరే మీటరు పెట్టాలి, ఏ కేటగిరీ కింద పెడతారో డిస్కం ఆఫీసులో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మంచు కురిసే దేశాల్లో, ఆరు నెలలు పచ్చని ఆకు కనపడని చోట, ఈ లెక్క కొంత వేరు. అక్కడ కూడా ఈ వ్యాపారం పూర్తిగా కుదురుకోలేదు. బోస్టన్‌లో 2010లో మొదలై, నలభై అడుగుల కంటైనర్లలో తోటలు అమర్చి ప్రపంచమంతా అమ్మిన ఫ్రైట్ ఫార్మ్స్ అనే సంస్థ 2025లో దివాలా తీసింది. మన హైదరాబాద్‌లో అర్బన్ కిసాన్ లాంటి సంస్థలు గదుల్లో ఆకుకూరలు పెంచాయంటే, వాళ్ళకు దగ్గర్లోనే జూబ్లీహిల్స్ కొనుగోలుదారులున్నారు. కొడంగల్ సంతలో బేసిల్ ఆకు అడిగేవాళ్ళెవరు? ఏడాదిలో అత్యధిక భాగం ఎండ ధారాళంగా ఉచితంగా కాసే గడ్డ మీద నిలబడి, ఎండను కరెంటుతో తయారుచేసుకోవడం నాకైతే మింగుడుపడదు. షేడ్‌నెట్ వేసుకుని నేల మీద పండించుకుంటే నయం.

కుంకుమపువ్వు మాట కూడా అడుగుతున్నారు. పుణెలో ఒక ఇంజనీరు పాత కంటైనర్‌లో కుంకుమపువ్వు పూయించాడని పత్రికల్లో వచ్చింది. పూయించవచ్చు. దాని దుంపలోనే పువ్వుకు కావలసిన సత్తువ ఉంటుంది కాబట్టి, మట్టి లేకపోయినా చల్లదనం అమర్చితే పూస్తుంది. ఆ తర్వాతేమిటన్నదే చిక్కు. పూసి అలసిన దుంప మళ్ళీ బలం పుంజుకుని పిల్లలు పెట్టాలంటే నెలల తరబడి చల్లని వెలుతురు, మట్టి కావాలి. అది కుదరకపోతే ఏటా కాశ్మీరు నుంచి దుంపలు కొనాల్సిందే. అలా కొన్నాళ్ళు గడిచాక ఎవరు ఎవరిని పోషిస్తున్నారో మీకే తెలుస్తుంది.

ఎండతో నిజంగానే పని లేని పంట మనకొకటి ఉంది. పుట్టగొడుగు. అది ఎండను తినదు, వరిగడ్డిని తింటుంది. మొగ్గ తొడిగే రోజుల్లో పేపరు చదువుకునేంత వెలుతురు చాలు, ఒక ట్యూబ్‌లైటు సరిపోతుంది. దీపాల ఖర్చు పోయిందంటే, పైన చెప్పిన కరెంటు లెక్క సగానికి పైగా కొట్టుకుపోయినట్టే. మిగిలింది వేడి, తేమ, గాలి. ఈ మూడిట్లో కంటైనర్ గెలుస్తుందా, గది గెలుస్తుందా అన్నది ఇప్పుడు అడగదగిన ప్రశ్న.

దీనికి జవాబు మన చేలగట్ల మీదే నిలబడి ఉంది. తొలకరి పడి ఉరిమాక అనంతగిరి అడవుల్లోనూ, బీళ్ళలోనూ పుట్టల మీద పుట్టకొక్కులు లేస్తాయి కదా. చెదపురుగులు ఆ పుట్టల లోపల ఒక రకం బూజును పెంచుకుంటాయి. ఆకూ పుల్లా నమిలి పేర్చి, దాని మీద ఆ బూజు పట్టించి, దాన్నే తింటాయి. ఆ బూజు వానల్లో పైకి తల ఎత్తితే మనకు కూరవుతుంది. బయట ఎండ నలభై దాటినా, చలికాలం తెల్లవారుజామున పది, పన్నెండుకు దిగినా, బూజు పెరిగే ఆ అర దాదాపు ముప్ఫై డిగ్రీల దగ్గరే ఉండేట్టు అవి చూసుకుంటాయి. మందపాటి మట్టిగోడలు, లోపలి నుంచి పైకి గాలి పోయే దారులు, అడుగున చెమ్మ. కరెంటు మీటరు లేదు. ఇనప రేకుతో మాత్రం అవి కట్టలేదు.

మన పల్లెల్లో పాతకాలపు ఇళ్ళు ఆ పోలికే. అడుగున్నర, రెండడుగుల మట్టిగోడ, టేకో వేపో దూలాలు, మీద బండలు పరచి ఆపైన మట్టి కప్పిన మిద్దె. మధ్యాహ్నం గోడకు తగిలిన వేడి లోపలికి నడిచి వచ్చేసరికి రాత్రవుతుంది. అప్పటికి బయట గాలి చల్లబడుతుంది, కిటికీ తెరిస్తే ఆ కాస్త వేడీ బయటికి పోతుంది. ఇంతలో మళ్ళీ పొద్దు పొడుస్తుంది. అందుకే ఆ గదిలో పగటికీ రాత్రికీ తేడా కొద్ది డిగ్రీలే. పుట్టగొడుగుకు కావలసింది ఆ నిలకడ.

కంటైనర్‌కు ఇదే లెక్క కట్టి చూడండి. ఇరవై అడుగుల డబ్బా కప్పు, గోడలు కలిపి 53 చదరపు మీటర్ల దాకా ఉంటాయి. బయట నలభై, లోపల ఇరవై అయిదు కావాలి. తేడా పదిహేను. వట్టి ఇనపరేకు ఒక్కో చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు అయిదారు వాట్ల వేడిని లోపలికి వదిలేస్తుంది. గుణిస్తే నాలుగు కిలోవాట్ల పైమాట. ఒక టన్ను ఏసీ తోడగలిగేది మూడున్నర. అంటే ఏసీ ఆగకుండా తిరిగినా ఓడిపోతుంది. ఇది కేవలం గాలి వేడి లెక్క. ఎండ సూటిగా కప్పు మీద పడితే ఆ రేకు అరవై డిగ్రీలకు ఎక్కుతుంది. వైశాఖంలో కారు బానెట్ మీద చెయ్యి పెట్టినవాళ్ళకు వివరం అక్కర్లేదు. ఇన్సులేషన్ కోసం లోపల రెండు అంగుళాల పఫ్ ప్యానెల్ వేయిస్తే ఈ నాలుగు కిలోవాట్లు మూడు, నాలుగు వందల వాట్లకు దిగుతాయి. అప్పుడు డబ్బా పనికొస్తుంది. అయితే మీరు అప్పుడు కొన్నది ఒక గది, దాని లోపల ఇంకో గది. రెండింటికీ డబ్బులిచ్చారు. మీ మట్టిమిద్దె ఆ పని పుట్టినప్పటి నుంచీ ఊరికే చేస్తోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తాండూరు దగ్గరే కదా, నాపరాయి చౌకగా వస్తుంది, రెండు అంగుళాల బండలతో కప్పు వేసేస్తాం అంటారు కొందరు. పలచటి బండ ఒక్కటే చల్లనివ్వదు. ఎండాకాలం మధ్యాహ్నం పాంబండ గుట్ట మీద చెప్పుల్లేకుండా నడిచి చూసినవాళ్ళు ఈ మాట ఒప్పుకుంటారు. ఎండ పగలంతా రాతిలో దాక్కుని రాత్రంతా కిందికి దిగుతుంది. బండ మీద మట్టి కప్పాలి, లేదా కప్పుపైన ఒక జానెడు ఎత్తున గడ్డితోనో షేడ్‌నెట్‌తోనో పందిరి వేయాలి, కనీసం తెల్లసున్నం కొట్టాలి. మన రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దాని సారమంతా ఈ తెల్లదనమే, ఎండను మింగకుండా వెనక్కి తిప్పికొట్టడం. కంటైనర్ కప్పుకూ ఇదే మందు. ముదురు నీలం, ఎర్ర రంగు డబ్బాను అలాగే ఎండలో నిలబెట్టకండి.

నేలకు మాత్రం తాండూరు బండను మించింది లేదు. తడికి చెడదు, కడిగితే శుభ్రపడుతుంది, బూజు దూరడానికి సందులుండవు. ఒక్క విషయం గుర్తుంచుకోండి, అది సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే నురగ కక్కి గరుకెక్కిపోతుంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో కడగకండి. సున్నపునీళ్ళు, బ్లీచింగ్ పౌడరు చాలు.

ఇప్పుడు మన వాతావరణంతో పంటను జోడిద్దాం. బటన్ పుట్టగొడుగు, అంటే హోటళ్ళలో కనిపించే తెల్ల బొత్తాం రకం, పదిహేను, పదహారు డిగ్రీలు అడుగుతుంది. అది హిమాచల్ కొండల పంట. అక్కడి సోలన్‌లో 1983 నుంచి పుట్టగొడుగుల మీద జాతీయ పరిశోధన కేంద్రం పనిచేస్తోంది, ఆ ఊరికి పుట్టగొడుగుల నగరమని పేరు. కుల్కచర్లలో బటన్ పండించాలంటే గదైనా డబ్బాయైనా ఏసీ తప్పదు. నా సలహా అడిగితే మొదటి రెండేళ్ళూ దాని జోలికి పోవద్దంటాను.

ముత్యపు చిప్ప రకానికి ఇరవై నుంచి ముప్ఫై డిగ్రీలు చాలు. జూన్ చివర నుంచి ఫిబ్రవరి దాకా మన పాతగదిలో ఏ యంత్రమూ లేకుండా ఇది నడుస్తుంది. ఎండలు ముదిరాక పాల పుట్టగొడుగుకు మారాలి. ఇది మన దేశపు రకమే. 1974లో బెంగాల్ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించి పేరు పెట్టారు, 1998లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏ.పి.కె.-2 పేరుతో సాగు రకాన్ని విడుదల చేసింది. ముప్ఫై, ముప్ఫై అయిదు డిగ్రీల్లో హాయిగా వస్తుంది. కోశాక చిప్ప రకం కంటే ఎక్కువ రోజులు నిలవుంటుంది. దానికి పైన కేసింగు మట్టి వేయాలి, ఆ పని కాస్త ఎక్కువ, అంతే.

ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతపు గాలి వేడిగానే కాదు, పొడిగానూ ఉంటుంది. ఇది మనకు వరం. నలభై డిగ్రీల వేడి, ఇరవై శాతం తేమ ఉన్న గాలి తడిగడ్డి ప్యాడ్ గుండా వస్తే ఇరవై ఆరు, ఇరవై ఏడుకు దిగుతుంది, పైగా తేమ మోసుకొస్తుంది. పుట్టగొడుగు అడిగేది ఎనభై, ఎనభై అయిదు శాతం తేమ. రోజుకు నాలుగైదు బిందెల నీళ్ళు, ఒక కూలర్ మోటారు, కిటికీలకు తడి గోనెసంచులు. వానల్లో కూలర్ పనిచెయ్యదు, అప్పుడు దాని అవసరమూ ఉండదు.

ఇక గాలి. చాలామంది తలకెక్కించుకోనిది ఇదే. పుట్టగొడుగు మనలాగే ఆక్సిజన్ పీల్చి బొగ్గుపులుసు గాలి వదులుతుంది. గడ్డి కుళ్ళుతూ ఇంకొంత వదులుతుంది. ఆ గాలి లోపల పేరుకుంటే ముత్యపు చిప్ప గొడుగు విప్పుకోదు. కాడలు సన్నగా పొడుగ్గా సాగి, పైన బొత్తాం అంత తలతో నిలబడతాయి. బజారులో ఎవరూ ముట్టరు. మొగ్గ తొడిగిన దగ్గర్నుంచి గదిలో గాలి గంటకు నాలుగైదు సార్లు మారాలి. షిప్పింగ్ కంటైనర్ తలుపుకు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. సముద్రపు నీళ్ళు రాకూడదని పెట్టిన ఆ పట్టీ గాలినీ రానివ్వదు. గోడ కోసి, కింద లోపలికీ పైన బయటికీ ఫ్యాన్లు పెట్టి, ఈగలు రాకుండా సన్నటి జాలీ బిగించాలి. కోసిన ప్రతి చోటా తుప్పు మొదలవుతుంది. లోపలి చెమ్మ చల్లటి రేకుకు తగిలి రాత్రిపూట కప్పు నుంచి చినుకుల్లా రాలుతుంది. ఆ చినుకు పడిన గడ్డి బెడ్డు మీద పచ్చబూజు లేస్తుంది.

డబ్బా విషయంలో ప్రాణానికి సంబంధించిన మాటలు రెండు చెప్పాలి. కంటైనర్ తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది. లోపల మనిషి ఉండగా ఎవరైనా గడియ వేస్తే అరుపు కూడా బయటికి వినపడదు. గడ్డిని ఫార్మాలిన్‌తో శుద్ధి చేసే పద్ధతి పాటిస్తే ఆ ఘాటు మూసిన డబ్బాలో మరీ ప్రమాదం. లోపలి నుంచి తెరుచుకునే ఇంకో చిన్న తలుపు పెట్టించకుండా పని మొదలుపెట్టవద్దు. నన్నడిగితే గడ్డిని వేడినీళ్ళలో ఆరుబయటే ఉడికించుకోవడం మేలు. రెండోది కరెంటు. నిలువెల్లా ఇనుము, నేలంతా తడి. ఒక తీగ ఒరుసుకుపోతే డబ్బా మొత్తం షాకు కొడుతుంది. గట్టి ఎర్తింగ్ వేయించి, 30 మిల్లీయాంపుల దగ్గరే కరెంటు ఆపేసే ఆర్.సి.సి.బి. బిగించాలి. గదిలోనూ ఇది ఉండాల్సిందే, డబ్బాలో అయితే అది లేకుండా స్విచ్ వేయనే కూడదు.

పాత డబ్బా కొనేటప్పుడు లోపలికి వెళ్ళి తలుపు మూయించి చూడండి, పట్టుకుని తెరిచేవాడు బయట ఉండగానే సుమా. కప్పులో నక్షత్రాల్లా వెలుగు చుక్కలు కనపడితే చిల్లులున్నట్టు. నేల చెక్క అంగుళానికి పైగా మందమున్న ప్లైవుడ్. దేశాలు దాటేటప్పుడు పురుగు పట్టకుండా దానికి మందు పట్టిస్తారు. తలుపు మీద రేకు పలక ఉంటుంది, చెక్కకు ఏ మందు పట్టించారో దానిమీద రాసి ఉంటుంది. తినే పంట పెంచే చోట ఆ చెక్కను అలాగే వదిలేయకూడదు, పీకి సిమెంటు పోయాలి, లేదా గట్టి పూత వేయాలి. అంతకుముందు ఆ డబ్బాలో ఏ రసాయనం మోశారో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. వాసన చూసి ముక్కు మండితే బేరం ఆపేయండి.

ఇదంతా విని గదిలో లోపాలే లేవనుకోకండి. ఉన్నాయి, అవీ చిన్నవి కావు. మట్టిగోడ ఎనభై అయిదు శాతం తేమలో నెలల తరబడి ఉంటే పెచ్చులూడుతుంది, దూలాలకు చెద పడుతుంది. అందుకే లోపల గోడకు సున్నం గిలాబా చేసి, కప్పు కింద మందపాటి పాలిథీన్ షీటు వాలుగా కట్టాలి. పాతగదిలో ఎలకలుంటాయి, సందుల్లో చిన్న ఈగలుంటాయి. తలుపుకు రెండో తలుపు, మధ్యలో ఇద్దరు నిలబడేంత చీకటి అర పెట్టుకోవాలి. దూలాలు గట్టిగా ఉంటే బెడ్లను ఉట్ల మీద ఒకదాని కింద ఒకటి వేలాడదీయవచ్చు, ర్యాకుల ఖర్చు మిగులుతుంది. తడిగడ్డి బెడ్డు ఒక్కోటి అయిదారు కిలోలుంటుంది. ఒక దూలానికి ఇరవై ఉట్లంటే క్వింటాలు దాటిందన్నమాట. వేలాడదీసే ముందు మేస్త్రీకి చూపించండి.

ఇంకొకటి. మీరు పడుకునే ఇంట్లో, ముసలివాళ్ళూ పసిపిల్లలూ తిరిగే వసారా పక్క గదిలో ముత్యపు చిప్ప పెట్టవద్దు. అది విప్పారినప్పుడు పొగలాంటి సన్నటి రేణువులు వదులుతుంది. రోజూ పీల్చేవాళ్ళకు దగ్గు, జ్వరం, ఆయాసం రావచ్చు. అంచులు పూర్తిగా విప్పుకోకముందే కోయాలి, గదిలోకి వెళ్ళేటప్పుడు మాస్కు కట్టుకోవాలి. ఇంటికి దూరంగా ఉన్న పాత కొట్టమో, పశువులు లేని దొడ్డిగదో దీనికి మేలు.

మరి డబ్బాకు చోటే లేదా? ఉంది. మీరున్నది కౌలు భూమి అయితే లెక్క మారుతుంది. ఇంకొకరి భూమిలో గది కడితే దాన్ని వెంట తీసుకుపోలేరు, డబ్బా పెడితే ఒప్పందం ముగిసిన రోజు క్రేను తెచ్చి ఎత్తుకుపోవచ్చు. ఆ క్రేనూ, ట్రైలరూ మీ చేను దాకా రాగలవా అన్నది ముందే చూసుకోవాలి. తారురోడ్డు దిగాక బండ్లబాట, తలమీద కరెంటు తీగలు, వానాకాలం నల్లరేగడి, ఇవన్నీ డ్రైవరుకు చూపించి మాట తీసుకోండి. కింద నేల మీద కాకుండా నాలుగు మూలలా దిమ్మెలు కట్టి వాటి మీద దించాలి.

ఇంకో సందర్భం రీఫర్ డబ్బా. చేపలు, మందులు, పండ్లు మోసే శీతల కంటైనర్ అది. గోడల్లో ఇన్సులేషన్ పుట్టుకతోనే ఉంటుంది, లోపల కడిగితే మెరిసే స్టీలు. దాని శీతలయంత్రం చెడిపోతే ఓడల కంపెనీలు వదిలించుకుంటాయి. అలాంటిది తుప్పు లేకుండా సరసమైన ధరకు దొరికి, మీ దగ్గర సరైన గది లేకపోతే, నేను అడ్డుచెప్పను. యంత్రం పాడైనదైనా పరవాలేదు, మనకు కావలసింది ఆ గోడలే. పుట్టగొడుగు విత్తనం తయారుచేసే గదిగానైతే ఇంకా బాగుంటుంది. పంట పండే చోట గాలి ఆడాలి కానీ, విత్తనం తయారయ్యే చోట గాలిలోని బూజు ఏమాత్రం రాకూడదు. అక్కడ డబ్బా బిగుతుతనం లోపం కాదు, గుణం.

డబ్బుల మాట. ఉద్యాన శాఖ ద్వారా కేంద్రం నడిపే సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో పుట్టగొడుగుల యూనిట్లకు రాయితీ ఉంది. ప్రైవేటు వ్యక్తులకు అది సాధారణంగా బ్యాంకు రుణంతో ముడిపడి ఉంటుంది, చేతికి ముందుగా రాదు. కాబట్టి రాయితీ వస్తుందన్న ధీమాతో బయట వడ్డీకి తెచ్చి డబ్బా కొనకండి. వికారాబాద్‌లో జిల్లా ఉద్యాన అధికారిని కలిసి ఇప్పటి నిబంధనలు చూపించమనండి. సాంకేతిక విషయాలకు తాండూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. విత్తనం ఎక్కడ కొన్నా సీసాలో తెల్లగా, దూదిలా పట్టి ఉందో లేదో చూసుకోవాలి. పచ్చమచ్చ కనిపిస్తే ఎంత చౌకైనా వద్దు.

అమ్మకం సంగతి పంటకు ముందే తేలాలి. ముత్యపు చిప్ప కోసిన మరునాటికే వాడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే మరో మూడు నాలుగు రోజులు. కుల్కచర్ల, పరిగి, వికారాబాద్‌లలో మొదట వారానికి పది కిలోలు ఎవరు కొంటారో పేర్లు రాసుకోండి. కర్రీ పాయింట్లు, దాబాలు, అనంతగిరి దారిలో వెలసిన రిసార్టులు. మిగిలింది ఎండబెడితే పది కిలోలకు ఒక కిలో వస్తుంది, ఎండినదానికి వేరే గిరాకీ. హైదరాబాద్ దాకా పంపాలంటే బస్సు పార్సిల్ ఖర్చు, ఎండలో వాడిపోయే నష్టం కలుపుకుని ధర కట్టాలి.

మొదలు మాత్రం చిన్నగా పెట్టండి. కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపించే థర్మామీటరు, తేమ చూపించేది, రెండూ కలిసిన చిన్న పెట్టె వందల రూపాయల్లోనే దొరుకుతుంది. ఈ వేసవిలో నెల రోజులు మీ గదిలో వేలాడదీసి, పొద్దునా సాయంత్రం అంకెలు నోటుబుక్కులో రాయండి. మధ్యాహ్నం గరిష్ఠం ముప్ఫై అయిదు దాటకపోతే గది పనికొస్తుంది. దాటితే కప్పు సంగతి చూసుకుని మళ్ళీ రాయండి. తొలకరి పడగానే ముప్ఫై కిలోల వరిగడ్డి, నాలుగు కిలోల విత్తనంతో ఇరవై సంచులు కట్టండి. ఇరవై రోజులకు సంచి లోపల తెల్లగా అల్లుకుంటుంది, అప్పుడు బ్లేడుతో గాట్లు పెట్టి నీళ్ళు చిలకరిస్తే వారంలో మొగ్గలు. కిలో ఎండుగడ్డికి అరకిలో పైన తాజా పుట్టగొడుగులు చేతికొస్తే మీ గది పాసైనట్టు. రాకపోతే గాలి తక్కువైందో, వేడి ఎక్కువైందో, గడ్డి సరిగా ఉడకలేదో ఆ నోటుబుక్కు పట్టుకుని తాండూరు వెళ్ళి అడగండి, అంకెలు చూస్తే వాళ్ళు ఇట్టే చెప్తారు. కంటైనర్ అమ్మే అతనికి అడ్వాన్స్ ఇచ్చే సంగతి రెండో కోత తర్వాత మాట్లాడుకుందాం.